చెన్నైలో చిన్న రాకెట్ కంపెనీ: మొదటి డబ్బు ఇంజిన్ మీదా, టెస్ట్ స్టాండ్ మీదా?

వేళచ్చేరి_శ్రీ

అందరికీ నమస్కారమండీ. చెన్నైలో నలుగురం కలిసి ప్రయోగ వాహనాల కంపెనీ పెట్టాం. ఇద్దరం ప్రొపల్షన్ వాళ్లం, ఒకరు ఏవియానిక్స్, ఒకరు సీఏ. రిజిస్ట్రేషన్ అయింది, తరమణి దగ్గర చిన్న ఆఫీసుంది, తొలి విడత పెట్టుబడి చేతికి రాబోతోంది.

అనుకుంటున్న వాహనం ఇదీ. రెండు దశలు, నిండు బరువు 10 టన్నులు, కిరోసిన్, ద్రవ ఆక్సిజన్. మొదటి దశలో 25 కిలోన్యూటన్ల ఇంజిన్లు ఆరు. రెండో దశలో అదే ఇంజిన్‌కు పెద్ద నాజిల్ తొడిగి ఒకటి. ఇంజిన్లు ఇంకొనెల్ 718 నికెల్ మిశ్రమంతో త్రీడీ ప్రింటింగ్, పంపులు తిప్పడానికి ఎలక్ట్రిక్ మోటార్లు. 500 కి.మీ. ఎత్తున సూర్యానువర్తన కక్ష్యకు (ధ్రువాల మీదుగా తిరిగేది) 150 కిలోలు చేర్చాలని లక్ష్యం.

ఎటూ తేలనివి మూడు. ముందు ఇంజిన్ ప్రింట్ చేయించాలా, టెస్ట్ స్టాండ్ కట్టాలా? అనుమతులు ఏ వరసలో తీసుకోవాలి, వాటికోసం పని ఆగకుండా ఏం చేయాలి? 150 కిలోల వాహనానికి కొనేవాళ్లు నిజంగా ఉన్నారా? తెలిసినవాళ్లు అంకెలతో చెబితే మేలు చేసినవాళ్లవుతారు.


లాక్స్‌లైన్

శ్రీ గారూ, స్టాండ్ ముందు. ఇంజిన్ ప్రింట్ చేసిచ్చేవాళ్లు బెంగళూరులో ఉన్నారు, చెన్నైలో ఉన్నారు, అది వారాల పని. దాన్ని మండించే చోటు సిద్ధం కావడానికి స్థలం చేతిలో ఉన్నా ఏడాది పట్టవచ్చు. స్టాండ్ లేకుండా ఇంజిన్ ఉంటే ఇన్వెస్టర్లకు చూపించడానికి తప్ప దేనికీ పనికిరాదు.

పరిమాణాలు చూడండి. 25 కిలోన్యూటన్ల ఇంజిన్‌కు సముద్రమట్టం దగ్గర ఇంపల్స్, అంటే ఇంజిన్ పొదుపు కొలత, 260 సెకన్లు అనుకుంటే సెకనుకు 9.8 కిలోల ప్రొపెల్లెంట్ కావాలి. ఆక్సిజన్, కిరోసిన్ నిష్పత్తి 2.3 అయితే అందులో ద్రవ ఆక్సిజన్, అంటే మనం లాక్స్ అనేది, 6.8 కిలోలు, కిరోసిన్ 3 కిలోలు. 60 సెకన్ల పరీక్షలో మండే లాక్స్ 410 కిలోలే. కానీ లైన్లు చల్లబరచడానికి, ట్యాంకులో ఆవిరైపోయేదానికి, మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టడానికి కలిపి దానికి నాలుగైదు రెట్లు తెప్పించుకోవాలి. చెన్నై చుట్టూ ఉక్కు, వాహన పరిశ్రమలున్నాయి కాబట్టి లాక్స్ ట్యాంకర్ దొరకడం పెద్ద కష్టం కాదు. హీలియం సంగతి వేరు. మన దేశానికి అదంతా దిగుమతే, ధర ఎప్పుడు ఎంత ఉంటుందో చెప్పలేం. అందుకని పర్జింగ్ (లైన్లలోకి వాయువు ఊది శుభ్రం చేయడం) మొత్తం నైట్రోజన్‌తో చేసుకుని, హీలియం తప్పనిసరైన చోటికే ఉంచుకోండి. లాక్స్ ట్యాంకులో ఒత్తిడి నిలపడానికి నైట్రోజన్ వాడితే అది లాక్స్‌లో కరుగుతుంది. చిన్న పరీక్షకు సర్దుకోవచ్చు. బాగా చల్లార్చిన లాక్స్ మీద అయితే నైట్రోజనే ద్రవమైపోతుంది, ఒత్తిడి నిలవదు.

పైపింగ్‌లో ప్రాణం మీదికి తెచ్చేవి ఇవి. లాక్స్ ఆవిరైతే దాదాపు 860 రెట్లు పెరుగుతుంది. రెండు వాల్వుల మధ్య మూసుకుపోగల ప్రతి ముక్కకూ ఒక రిలీఫ్ వాల్వ్ ఉండాలి, డ్రాయింగ్ మీద పెన్సిల్‌తో ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకుంటూ పోవాలి. మామూలు బాల్ వాల్వ్ మూసినప్పుడు ఆ బంతి లోపలి ఖాళీలోనూ లాక్స్ చిక్కుకుంటుంది. వేడెక్కగానే సీటు పగులుతుంది, ఒక్కోసారి బాడీయే పగులుతుంది. క్రయోజెనిక్ బాల్ వాల్వులో ఎగువ వైపుకు సన్నని రంధ్రం ఉండేది ఇందుకే. కొనేటప్పుడు ఆ రంధ్రం ఉందో లేదో అడగండి, బిగించేటప్పుడు బాణం గుర్తు చూడండి.

తర్వాత శుభ్రత. లాక్స్ తగిలే ప్రతి భాగంలో నూనె, గ్రీజు, మెషినింగ్ కూలెంట్ జాడ ఉండకూడదు. వర్క్‌షాప్ నుంచి వచ్చిన ఫిట్టింగును గుడ్డతో తుడిస్తే చాలదు. డీగ్రీజింగ్, అల్ట్రాసోనిక్ బాత్, పొడి నైట్రోజన్‌తో ఆరబెట్టడం, అతినీలలోహిత దీపం కింద చూడటం, రెండు చివరలూ మూతపెట్టి సంచిలో సీలు చేయడం, అన్నీ జరగాలి. సీళ్లకు పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్), గ్రీజు అవసరమైన చోట ఫ్లోరినేటెడ్ రకం మాత్రమే. రబ్బరు, హైడ్రాలిక్ వాళ్లు వాడే థ్రెడ్ సీలెంట్ దరిదాపుల్లో ఉండకూడదు. అంబత్తూరులో పని చేయించుకుంటే కటింగ్ ఆయిల్ పేరు కూడా డ్రాయింగులోనే రాసివ్వండి.

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. చల్లబడ్డ వాల్వ్ యాక్చుయేటర్‌లోకి ఆ తేమ దూరి మంచై పట్టేస్తే, తెరవమన్నప్పుడు తెరుచుకోదు. అంతకంటే ప్రమాదం, మూయమన్నప్పుడు మూసుకోదు. మైనస్ 40 డిగ్రీల కంటే తక్కువ డ్యూ పాయింట్ ఉన్న, అంటే బాగా పొడిగా ఉన్న, నైట్రోజన్‌తో యాక్చుయేటర్ల చుట్టూ ఎడతెగని పర్జ్ పెట్టండి. వాల్వుకు ఆజ్ఞ వెళ్లిందని సాఫ్ట్‌వేర్ చెబితే నమ్మకూడదు, పొజిషన్ స్విచ్ నుంచి జవాబు రావాలి.

మండించే వరస అనుభవమున్నవాళ్లందరూ దాదాపు ఒకేలా పెడతారు. నీళ్లతో ఫ్లో పరీక్ష, ద్రవ నైట్రోజన్‌తో కోల్డ్ ఫ్లో, ఇగ్నైటర్ ఒక్కదాన్నే మండించడం, తర్వాత అర సెకను, 2 సెకన్లు, 10 సెకన్లు, చివరికి పూర్తి నిడివి. ఇగ్నైటర్ మండిందని చాంబర్లోని సెన్సర్ చెప్పకుండా మెయిన్ వాల్వులు తెరవకూడదు. మండకుండా కిరోసిన్, లాక్స్ చాంబర్లో పోగుపడి ఆలస్యంగా అంటుకుంటే ఇంజిన్ ముక్కలవుతుంది, దాన్నే హార్డ్ స్టార్ట్ అంటారు. తొలి పరీక్షల్లో మెయిన్ వాల్వులు తెరిచాక అర సెకనులో చాంబర్ ఒత్తిడి అనుకున్నదాంట్లో మూడింట రెండొంతులకు చేరకపోతే దానంతట అదే ఆగిపోయేలా పెట్టుకోండి. మనిషి బటన్ నొక్కి ఆపే వేగం ఇక్కడ పనికిరాదు.

త్రీడీ ప్రింటింగ్ గురించి ఒక మాట. కూలింగ్ చానళ్లలో మిగిలిపోయిన పొడి కంటికి కనిపించదు. ప్రతి ఇంజిన్‌కూ, నమూనాకు కాదు ప్రతిదానికీ, నీళ్లతో ఫ్లో కొలిచి ఒత్తిడి తగ్గుదల రాసుకోవాలి. వేడి చికిత్సకు ముందే పొడి వదిలించాలి, ఆ తర్వాత అది గోడకు అతుక్కుపోతుంది. ప్రింట్ అయిన చానల్ లోపల గరుకుగా ఉంటుంది కాబట్టి లెక్కలో వచ్చినదానికంటే ఒత్తిడి నష్టం ఎక్కువే ఉంటుంది. పంపు సైజు తేల్చేముందు ఈ కొలత చేతిలో ఉండాలి.

ఇంకొకటి, అస్థిర దహనం. ఇంజెక్టర్ దగ్గర ఒత్తిడి తగ్గుదల చాంబర్ ఒత్తిడిలో 15–20 శాతం ఉంచండి. 30 బార్ల చాంబర్ అయితే 5–6 బార్లు. అది తక్కువైతే ఫీడ్ లైనూ చాంబరూ కలిసి ఊగుతాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ రకం ఇంకా చెడ్డది. 15 సెం.మీ. వ్యాసం చాంబర్లో మొదటి అడ్డ తరంగం సుమారు 4,700 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. సెకనుకు వెయ్యి రీడింగులు తీసే డేటా లాగర్‌తో అది కనిపించనే కనిపించదు, ఇంజెక్టర్ ముఖం కరిగాక తెలుస్తుంది. కనీసం రెండు ఫ్లష్ మౌంట్ ట్రాన్స్‌డ్యూసర్లు, సెకనుకు 50 వేల రీడింగులు తీసే చానళ్లు పెట్టండి. స్టాండ్ బడ్జెట్‌లో దీన్ని ఎవరూ కోయకూడదు.


షార్‌దారి

లాక్స్‌లైన్ గారు స్టాండ్ సంగతి పూర్తిగా చెప్పారు. అనుమతుల వరస నేను చెబుతాను.

మొదట ఇన్-స్పేస్. కేంద్రం దీన్ని 2020 జూన్‌లో ప్రకటించింది, ప్రధాన కార్యాలయం అహ్మదాబాద్. 2023 అంతరిక్ష విధానం ప్రకారం ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చేది ఇదే. నియమాలు, పద్ధతుల పత్రం 2024 మేలో వచ్చింది, మొదటి పని మీరు నలుగురూ దాన్ని అక్షరం అక్షరం చదవడం. ఇస్రో సదుపాయాలు వాడుకోవాలంటే ముందు ఇన్-స్పేస్‌తో అవగాహన ఒప్పందం, ఆ తర్వాత ఏ కేంద్రం నుంచి ఏ సేవ, ఎప్పుడు, ఎంతకు అన్నది తేల్చే జాయింట్ ప్రాజెక్ట్ ఇంప్లిమెంటేషన్ ప్లాన్. ఒప్పందం తొందరగానే అవుతుంది. రెండోది మీ డిజైన్ ఎంత పక్వంగా ఉందో దాన్ని బట్టి నడుస్తుంది. సగం డిజైన్‌తో వెళితే ప్రశ్నలకు జవాబులివ్వడంలోనే నెలలు పోతాయి.

దీనితో పాటే, దీనికోసం ఆగకుండా, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో దగ్గరికి వెళ్లండి. ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్, దక్షిణ సర్కిల్ ఆఫీసు చెన్నైలోనే ఉంది. వెయ్యి లీటర్లు మించిన లాక్స్ పాత్రకు 2016 నాటి స్థిర, సంచార ప్రెజర్ వెసెల్ నియమాలు వర్తిస్తాయి. సిలిండర్లకు వేరే నియమాలున్నాయి. ఏటీఎఫ్ (విమాన ఇంధనం), కిరోసిన్ బి తరగతి పెట్రోలియం కిందికి వస్తాయి. ఒకచోట మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఏ ఒక్క పాత్రా వెయ్యి లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. సింగిల్ ఇంజిన్ పరీక్షలకు ఆ హద్దులోనే సర్దుకోవచ్చు. ఒక నిమిషం పరీక్షకు మీకు కావలసింది 180 కిలోలే కదా. దశలు విడదీసే పైరో (చిన్న పేలుడుతో పనిచేసే) పరికరాలు, విధ్వంస చార్జీలు మాత్రం 2008 పేలుడు పదార్థాల నియమాల కిందికి వస్తాయి. అవి దాచే గది, తెచ్చే బండి, ముట్టుకునే మనిషి, అన్నింటికీ కాగితాలు కావాలి. వాయుపీడనంతో విడదీసే పద్ధతి పెట్టుకుంటే ఈ బరువు సగం తగ్గుతుంది, డిజైన్ దశలోనే ఆలోచించండి.

స్కోమెట్ మరచిపోవద్దు. ఎగుమతి నియంత్రణ జాబితా అది. విదేశీ కస్టమర్‌కు ఇంజిన్ డ్రాయింగ్ ఈమెయిల్లో పంపినా ఎగుమతే. ఇండియా 2016 జూన్‌లో క్షిపణి టెక్నాలజీ నియంత్రణ ఏర్పాటు ఎంటీసీఆర్‌లో చేరింది, 500 కిలోలను 300 కి.మీ. మోయగల వ్యవస్థలు ఆ ఏర్పాటులో అతి కఠినమైన మొదటి వర్గం. ఫైళ్లు ఎవరు తెరవగలరు, ఏ సర్వర్లో ఉన్నాయి అన్నది మొదటిరోజు నుంచే రాసుకుంటూ రండి. తర్వాత వెనక్కి వెళ్లి సరిచేయడం చాలా కష్టం.

ఇక రేంజ్, అంటే ప్రయోగ కేంద్రం. శ్రీహరికోటలో ప్రైవేటు ప్యాడ్ సాధ్యమేనని అగ్నికుల్ చూపించింది. ధనుష్ అనే సొంత ప్యాడ్ నుంచి 2024 మే 30న వాళ్ల సబ్ఆర్బిటల్ వాహనం ఎగిరింది, సెమీ క్రయో (కిరోసిన్, లాక్స్) ఇంజిన్ ఒకే ముక్కగా ప్రింట్ చేసింది. అంతకుముందు హైదరాబాద్ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచే వెళ్లింది, అది ఘన ఇంధనం. తరమణి నుంచి సూళ్లూరుపేట వంద కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి మీకు రవాణా తేలిక.

అయితే మీ 150 కిలోల లెక్కకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు నేరుగా దక్షిణానికి వెళితే దారిలో శ్రీలంక. ఆగ్నేయంగా వెళ్లి, లంక దాటాక పక్కకు తిరగాలి. ఆ మలుపుకయ్యే ఇంధనం పెద్ద రాకెట్‌కు భరించగలిగేది, 10 టన్నుల రాకెట్‌కు పేలోడ్‌లోంచే, అంటే మోసుకెళ్లే ఉపగ్రహాల బరువులోంచే, పోతుంది. తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది ఇందుకే, అక్కడినుంచి దక్షిణానికి సముద్రం ఖాళీ. రెండు చోట్లకూ పథ లెక్కలు వేసి రెండు పేలోడ్ అంకెలు దగ్గర పెట్టుకోండి. భూభ్రమణం ఇచ్చే సెకనుకు 450 మీటర్ల సాయం కూడా తూర్పుకు వెళ్లేవాళ్లకే, సూర్యానువర్తన కక్ష్యకు దొరకదు.

విధ్వంస వ్యవస్థ, అంటే దారి తప్పితే ప్రయాణాన్ని ఆపేది, మీ ఏవియానిక్స్‌కు సంబంధం లేని విడి బ్యాటరీ, విడి రిసీవర్, విడి యాంటెన్నాలతో ఉండాలి. రేంజ్ సేఫ్టీ వాళ్లతో మొదటి సమావేశం దీని గురించే పెట్టండి, ఎందుకంటే ఇది వాహనం ఆకారాన్నే మారుస్తుంది. ప్రయోగానికి ముందు విమానాలకు నోటమ్, ఓడలకు డెహ్రాడూన్ నేషనల్ హైడ్రోగ్రాఫిక్ ఆఫీస్ నుంచి హెచ్చరిక, కక్ష్యలోని వస్తువులతో ఢీకొనే అవకాశంపై బెంగళూరులోని ఐఎస్4ఓఎం కేంద్రం విశ్లేషణ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. తొలి ప్రయోగాన్ని ఆ మూడు నెలల్లో పెట్టుకోకండి.

బీమా కూడా ఇప్పుడే అడిగి ఉంచండి. 1972 లయబిలిటీ కన్వెన్షన్ ప్రకారం భూమ్మీద జరిగే నష్టానికి ప్రయోగించిన దేశం పూర్తి బాధ్యురాలు. అందుకే ప్రభుత్వం మీ దగ్గర హామీ కోరుతుంది.


గిండీ_ఖాతా

శ్రీ గారి మూడో ప్రశ్నకు.

పోటీ ఎవరితోనో ముందు చూసుకోండి. స్పేస్‌ఎక్స్ రైడ్‌షేర్ (పెద్ద రాకెట్‌లో పలు ఉపగ్రహాలను కలిపి పంపే సేవ) మొదలైనప్పుడు 200 కిలోలకు 10 లక్షల డాలర్లు, కిలోకు 5,000. తర్వాత పెరుగుతూ వచ్చింది, అయినా చిన్న రాకెట్ ఏదీ ఆ ధర అందుకోలేదు. రాకెట్ ల్యాబ్ ఎలక్ట్రాన్ ఒక్క ప్రయోగం ధర 75 లక్షల డాలర్ల పైనే ఉంటోంది, దానికి కస్టమర్లు దొరుకుతున్నారు కూడా. ఎందుకంటే వాళ్లు కొంటున్నది తమకు కావలసిన కక్ష్య, తమకు కావలసిన తేదీ. మీ అమ్మకం మాటల్లో కిలో ధర ఎక్కడా రాకూడదు. కిలో ధర అడిగే కస్టమర్ రైడ్‌షేర్‌కే వెళతాడు, అతని వెంట పడి కాలం వృథా చేసుకోవద్దు.

ఎలక్ట్రాన్ బరువు సుమారు 13 టన్నులు. కార్బన్ ఫైబర్ ట్యాంకులతో, ఏళ్ల తరబడి మెరుగులు దిద్దాక, సూర్యానువర్తన కక్ష్యకు 200 కిలోలు. మీరు 10 టన్నులతో, మొదటి వాహనంతో, 150 అంటున్నారు. షార్‌దారి గారు చెప్పిన మలుపు కూడా కలిపితే బిజినెస్ ప్లాన్‌లో 70 కిలోలు రాసుకుని, 150 రెండో వెర్షన్ లక్ష్యంగా పెట్టుకోండి. రెండో దశలో పెరిగే ప్రతి కిలో పేలోడ్‌లోంచి సరిగ్గా ఒక కిలో తీసేస్తుంది. మొదటి దశలో పెరిగినదాని ప్రభావం పదో వంతు చుట్టూ ఉంటుంది. బరువు తగ్గించడానికి డబ్బు పెట్టాలంటే పై దశలోనే పెట్టాలి.

ఇంట్లోనూ పోటీ ఉంది. ఇస్రో చిన్న రాకెట్ ఎస్‌ఎస్‌ఎల్‌వీ 500 కిలోలు మోసే వాహనం, దాని టెక్నాలజీ బదిలీకి 2025 జూన్‌లో హెచ్‌ఏఎల్ బిడ్ గెలిచింది. అంటే మీ ఒప్పందాల్లో బలం వేగం నుంచి రావాలి. సంతకం చేసిన ఆసక్తి పత్రాలను ఆదాయంగా చూపించకండి, అడ్వాన్స్ చెల్లించినవే ఆర్డర్లు. కక్ష్యకు ముందే డబ్బు తెచ్చే దారి ఒకటుంది, సబ్ఆర్బిటల్ పరీక్షా ప్రయోగాలు. రాకెట్ ల్యాబ్ హేస్ట్ పేరుతో 2023 జూన్ నుంచి హైపర్‌సోనిక్ పరీక్షలకు అమ్ముతోంది. మీ మొదటి దశ తయారైతే రక్షణ పరిశోధన వర్గాలకు అది చూపించవచ్చు.

పెట్టుబడి వైపు: 2024లో మారిన నిబంధనల ప్రకారం ప్రయోగ వాహనాల కంపెనీలో విదేశీ పెట్టుబడి 49 శాతం దాకా ఆటోమేటిక్, ఆపైన ప్రభుత్వ అనుమతి. విడిభాగాల తయారీకి 100 శాతం దాకా ఆటోమేటిక్. విదేశీ ఫండ్లు తొలి రెండు రౌండ్లలోనే ఎక్కువ వాటా తీసుకుంటే మూడో రౌండులో ఆ గీత అడ్డొస్తుంది, క్యాప్ టేబుల్ (వాటాల పట్టిక) ఇప్పుడే అయిదేళ్లకు గీసుకోండి. అంతరిక్ష స్టార్టప్‌ల కోసం 1,000 కోట్ల వెంచర్ ఫండ్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 అక్టోబర్‌లో ఆమోదం తెలిపింది, అదీ చూడండి. ప్రైవేటు ప్రయోగ సేవలకు జీఎస్టీ మినహాయింపు 2023 జూలైలో జీఎస్టీ కౌన్సిల్ ఒప్పుకున్నదే. కానీ మినహాయింపు ఉన్న సేవకు ఇన్‌పుట్ క్రెడిట్ దొరకదు, కొనుగోళ్ల మీద కట్టిన పన్ను ఖర్చులోకే పోతుంది. మీ సీఏ గారు ధర కట్టేటప్పుడు ఇది కలపాలి.

ఇక నగదు. తొలి ప్రయోగం విఫలమవుతుందనుకుని రెండో వాహనానికి డబ్బు పక్కన పెట్టకుండా మొదటిదాన్ని ఎగరేయకండి. స్పేస్‌ఎక్స్ మొదటి రాకెట్ ఫాల్కన్ 1 మూడుసార్లు విఫలమై 2008 సెప్టెంబర్ 28న నాలుగోసారి కక్ష్యకు చేరింది. చిన్న రాకెట్ల కంపెనీ వర్జిన్ ఆర్బిట్ నాలుగు విజయాలున్నా 2023 జనవరి వైఫల్యం తర్వాత మూడు నెలలకే దివాలాకు వెళ్లింది.


వేళచ్చేరి_శ్రీ

ముగ్గురికీ ఎన్ని ధన్యవాదాలు చెప్పినా చాలదండీ. 70 కిలోల మాట కష్టంగా ఉన్నా మళ్లీ లెక్కలు వేసుకుంటాం. మోటారు పంపు మీద మాలో మాకే అభిప్రాయభేదం ఉంది. బ్యాటరీ బరువు భరించగలమా? మామూలు ఏటీఎఫ్ వాడితే ఏమన్నా ఇబ్బందా?


పీణ్యా_పంపు

పంపు శక్తి అంటే ప్రవాహాన్ని ఒత్తిడి పెరుగుదలతో గుణించి, సాంద్రతతోనూ సామర్థ్యంతోనూ భాగించడం. మీ ఇంజిన్‌కు లాక్స్ వైపు 6.8 కిలోలు, 45 బార్లు, సామర్థ్యం 60 శాతం అంటే 45 కిలోవాట్లు. కిరోసిన్ వైపు కూలింగ్ చానళ్ల నష్టం కూడా మోయాలి కాబట్టి 55 బార్లు, 55 శాతం అనుకుంటే 37 కిలోవాట్లు. మోటారు, ఇన్వర్టర్ నష్టాలు కలిపితే బ్యాటరీ దగ్గర సుమారు 93 కిలోవాట్లు. 150 సెకన్లకు 3.9 యూనిట్లు. కిలోకు 150 వాట్ అవర్ల ప్యాక్ అయితే 26 కిలోలు, అది కూడా పూర్తిగా ఖాళీ చేస్తే. అంత వేగంగా కరెంటు లాగితే వోల్టేజీ పడిపోతుంది, వేడెక్కుతుంది. ఇంజిన్‌కు 35 కిలోలు రాసుకోండి. ఆరు ఇంజిన్లకు 210. మొదటి దశలో ఇది భరించవచ్చు. రెండో దశలో ఖాళీ బ్యాటరీ మోసుకెళ్లడమే నష్టం, ఎలక్ట్రాన్ రెండో దశ ఖాళీ అయిన బ్యాటరీలను దారిలోనే వదిలేసేది అందుకే.

అయినా మొదటి వాహనానికి మోటారు పంపే మంచిదని నా అభిప్రాయం. టర్బైన్, గ్యాస్ జనరేటర్, దాన్ని మండించే వరస, వేడి సీళ్లు, ఇవేవీ ఉండవు. వేగం సాఫ్ట్‌వేర్లో మారుతుంది కాబట్టి మిశ్రమ నిష్పత్తి సరిదిద్దుకోవడం సులువు. జాగ్రత్త పడాల్సింది లాక్స్ పంపులో. ఇంపెల్లర్ కేసింగుకు రాసుకుంటే లోహమే అంటుకుంటుంది. షాఫ్టు సీలు మధ్యలో హీలియం లేదా నైట్రోజన్ అడ్డుగోడ ఉండాలి, లాక్స్ మోటారు వైపుకు పాకకూడదు.

ఏటీఎఫ్ గురించి: దానిలో గంధకం 0.3 శాతం దాకా అనుమతి. రాకెట్ కిరోసిన్‌లో అది మిలియన్‌కు పదుల్లోనే ఉంటుంది. రాగి మిశ్రమంతో చాంబర్ చేస్తే గంధకం చానళ్లను తింటుంది. మీది ఇంకొనెల్ కాబట్టి ఆ బాధ తక్కువ, కానీ ఇంకొనెల్ వేడిని రాగిలా లాగదు, గోడ వేడెక్కుతుంది. ద్రవం తగిలే గోడ 300 డిగ్రీలు దాటితే కిరోసిన్ మసిగా పేరుకోవడం మొదలవుతుంది, చానల్ మూసుకుంటుంది, గోడ ఇంకా వేడెక్కుతుంది. ఫిల్మ్ కూలింగ్ (గోడ వెంట కిరోసిన్ పొర పారించడం) కొంచెం ఎక్కువ పెట్టి, ప్రతి పరీక్ష తర్వాత చానల్ ఒత్తిడి నష్టం కొలవండి. అది పరీక్ష పరీక్షకూ పెరుగుతుంటే మసి పట్టిందన్నమాట.

ఏ బ్యాచ్ కొన్నా సాంద్రత మీరే కొలవండి. చెన్నై ఎండలో 40 డిగ్రీల కిరోసిన్ 15 డిగ్రీల దానికంటే 2 శాతం పలచన. లాక్స్ కూడా 5 డిగ్రీలు వెచ్చబడితే 2 శాతం తగ్గుతుంది. మట్టం చూసి నింపితే నిష్పత్తి తప్పి ఒక ట్యాంకు ముందే ఖాళీ అవుతుంది. బరువు చూసి నింపండి.

హీలియం కూడా ఒకసారి లెక్కేసుకోండి. 10 టన్నుల వాహనంలో లాక్స్ ట్యాంకులు మొత్తం 5.5 ఘనమీటర్లు, 3 బార్ల ఒత్తిడి. హీలియం మామూలు వేడిలో ఉంటే 2.7 కిలోలు చాలు. లాక్స్ పక్కన 100 కెల్విన్‌కు చల్లారిపోతే 8 కిలోలు కావాలి. ఇంజిన్ వేడితో హీలియాన్ని వెచ్చబెట్టే చిన్న హీట్ ఎక్స్‌ఛేంజర్ పెడితే సీసా బరువు చాలా మిగులుతుంది.


షార్‌దారి

వైఫల్యాల విషయంలో ఒకటి కలుపుతాను, ఇంజిన్ చుట్టూనే మాట్లాడుకుంటున్నాం కనుక. ఫాల్కన్ 1 మొదటి ప్రయోగం 2006లో పోయింది ఉప్పుగాలికి తుప్పుపట్టి పగిలిన అల్యూమినియం నట్టు వల్ల, కిరోసిన్ కారి మంట లేచింది. శ్రీహరికోట కూడా సముద్రపు ఒడ్డే. ప్యాడ్ మీద ఉండే ప్రతి ఫిట్టింగు స్టెయిన్‌లెస్ అయి ఉండాలి, అల్యూమినియంతో నేరుగా కలిసేచోట ఇన్సులేషన్ ఉండాలి, వాహనం ప్యాడ్ మీద ఎన్ని రోజులు నిలిచిందో లాగ్ రాయాలి. మూడో ప్రయోగంలో ఇంజిన్ ఆగాక మిగిలిన కాస్త తోపుడు వల్ల దశలు విడిపోయాక మళ్లీ ఢీకొన్నాయి. ఇంజిన్ ఆపడానికీ దశలు విడదీయడానికీ మధ్య సమయం పెంచడమే దాని పరిష్కారం. మీ ఇంజిన్ ఆపాక తోపుడు సున్నాకు ఎన్ని సెకన్లకు వస్తుందో స్టాండ్ మీదే, వీలైతే తక్కువ పీడనంలో కొలవండి.

అమెరికా చిన్న రాకెట్ ఫైర్‌ఫ్లై ఆల్ఫా 2021లో కనెక్టర్ ఊడి ఇంజిన్ వాల్వులు మూసుకుపోయి పోయింది. ఎలక్ట్రాన్ మొదటి ప్రయోగంలో వాహనానికి ఏమీ కాలేదు, 2017 మే 25న నేల మీది టెలిమెట్రీ పరికరం సెట్టింగు తప్పై డేటా పోవడంతో రేంజ్ వాళ్లు ఆపేశారు. మన ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలి ప్రయోగంలో, 2022 ఆగస్టు 7న, రెండో దశ విడిపోయే కుదుపుకు యాక్సిలరోమీటర్లు కొద్దిసేపు పరిధి దాటాయి, సాఫ్ట్‌వేర్ వాటిని చెడిపోయినవిగా లెక్కగట్టి వేరే మార్గానికి మారింది, చివరికి 356 x 76 కి.మీ. కక్ష్య దక్కింది. మోటార్లన్నీ బాగానే మండాయి. కాబట్టి సెన్సర్ చెడిందని తేల్చే నియమాన్ని దశ విడిపోయే కుదుపు రికార్డుతో కలిపి పరీక్షించాలి, సిమ్యులేషన్‌లో ఒక్కటే చాలదు.


వేళచ్చేరి_శ్రీ

ఇవన్నీ ప్రింట్ తీసి గోడకు అంటిస్తున్నామండీ. ఒక చిన్న సందేహం. తడ వైపు ఒక షెడ్డుతో సహా స్థలం లీజుకు దొరుకుతోంది, ఊళ్లకు దూరంగానే ఉంది. నేలంతా తారు వేసి ఉంది, లారీలు తిరిగిన చోటు. దాని మీదే స్టాండ్ పెట్టి, ట్యాంకర్ ఆపుకోవచ్చా?


లాక్స్‌లైన్

తారు మీద వద్దండీ. లాక్స్ ఒలికి తారులో ఇంకితే ఆ ముద్ద చిన్న దెబ్బకే పేలుతుంది. బూటు అడుగు చాలు, జారిపడ్డ స్పానర్ చాలు. ట్యాంకర్ నిలిచేచోటు, గొట్టం కలిపేచోటు, స్టాండ్ చుట్టూ లాక్స్ పారగలిగే మేరంతా తారు పూర్తిగా తవ్వి తీసి శుభ్రమైన కాంక్రీట్ వేయించండి. జాయింట్లలో కూడా తారు ఆధారిత ఫిల్లర్ వాడొద్దని మేస్త్రీకి రాసివ్వండి. వాలు కిరోసిన్ ట్యాంకుకు ఎదురు దిక్కున ఉండాలి, రెండు ద్రవాలకూ కాలువలు వేర్వేరు. షెడ్డు గోడలు మూడు వైపులా ఉంటే కనీసం రెండు తీసేయండి, ఆక్సిజన్ 23.5 శాతం దాటితే బట్టలు కూడా భగ్గున అంటుకుంటాయి. లీజు పత్రంలో నేల మార్చే హక్కు, పెసో లైసెన్సుకు యజమాని నిరభ్యంతర పత్రం, రెండూ సంతకానికి ముందే రాయించుకోండి.